మా వదిన కుట్టిన గొడుగు

మా ఇంట్లో విమానం ఎక్కిన మొదటి మనిషి మా వదిన. ఎక్కడమైతే ఎక్కింది గానీ అందరిలా దిగలేదు, మధ్యదారిలోనే దూకేసింది. అప్పటికి ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. అటక మీద డబ్బా దించాలంటే స్టూలు ఎక్కడానికి కళ్ళు తిరుగుతాయని నన్ను కేకేసే మనిషి!

వదిన అంటే మా ఆయనకు అక్క. నేను కాపురానికి వచ్చేనాటికి ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. అత్తగారు, వదిన, ఈయన. మామగారు ఈయన చిన్నతనంలోనే పోతే, వదిన బడి మానేసి బజారు వీధిలో టైలరు షాపులో చేరింది. గౌన్లూ చొక్కాలూ కుట్టి తమ్ముణ్ణి చదివించింది. తమ్ముడు తపాలా ఆఫీసులో కుదురుకునేసరికి, ఈమెకు పెళ్ళీడు దాటిపోయిందని చుట్టాలంతా కలిసి తేల్చేశారు. దానికి వదిన బాధపడినట్టు నేనెప్పుడూ చూడలేదు. "సంబంధాలు రావడం ఆగిపోయాకే మరదలా, నాకు కంటినిండా నిద్ర పట్టింది" అనేది.

పెళ్ళికాని ఆడపడుచు ఉన్న ఇల్లు, జాగ్రత్తగా మసులుకోమని మా పుట్టింటివాళ్ళు నన్ను భయపెట్టి పంపారు. తీరా వచ్చాక, ఆ ఇంట్లో నా పక్షాన మాట్లాడే మనిషి ఆవిడొక్కతే అయింది.

మాది కంటోన్మెంటు పక్కన పెరిగిన ఊరు. పొద్దున్నే బ్యాండు వాయిస్తుంటే పాలు కాచుకునేవాళ్ళం. నాకు పెళ్ళయిన ఏడాదే రేడియోలో ఆ ప్రకటన వచ్చింది. సైన్యాన్ని ఆధునికం చెయ్యడానికి పెద్ద పథకం పెట్టారనీ, మూడు దశల్లో పదిహేనేళ్ళు నడుస్తుందనీ చెప్పారు. బూట్లు, గుడారాలు, పారాచూట్లలాంటివి మొదటి దశలో మన దేశంలోనే తయారుచేసుకోవాలి. తర్వాత బండ్లూ, వైర్‌లెస్ సెట్లూ. ఆ తర్వాత విమానాలూ ఇంకా ఏవేవో. మా ఆయన రేడియో కట్టేస్తూ, పదిహేనేళ్ళంటే ముప్పయ్యేళ్ళని రాసుకోవాలన్నారు. ఆ మాటే నిజమైంది. కానీ ఆ పథకం వచ్చి మా ఇంటి తలుపే తడుతుందని ఆ రోజు ఎవరికీ తోచలేదు.

పారాచూట్లు అప్పటిదాకా బయటి దేశం నుంచి వచ్చేవి. ఆ దేశానికి మన మీద కోపం వచ్చినప్పుడల్లా సరఫరా ఆగిపోయేది. ఒకసారి అలా ఆగిపోయి, దూకే పటాలం ఏడాది పొడుగునా నేల మీదే కవాతు చేసుకుంటూ గడిపిందట. అందుకని మొట్టమొదట దాని సంగతే చూడాలనుకున్నారు. రైల్వే గూడ్సు షెడ్డు వెనక పాత ధాన్యం గోడౌను ఒకటుంటే దానికి వెల్ల వేయించి, మిషన్లు దింపి, కుట్టుపని వచ్చిన ఆడవాళ్ళు కావాలని బోర్డు పెట్టారు.

వదిన వెళ్ళింది. పొడుగాటి గుడ్డ ఒకటి ఇచ్చి, ఈ చివరినుంచి ఆ చివరికి ఎక్కడా ఆగకుండా, గీత గీసినట్టు కుట్టమన్నారట. ఈమె మూడోవంతు కుట్టేసరికే పరీక్ష చూస్తున్న మేజరుగారు చాలు లెమ్మన్నారట. "పూర్తిచెయ్యనివ్వండి సార్, సగంలో వదిలితే నాకు అన్నం సయించదు" అని చివరిదాకా కుట్టి లేచింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఆ గోడౌను నేను చాలాసార్లు చూశాను. మధ్యాహ్నం వదినకు క్యారేజీ పట్టుకెళ్ళే పని నాదే. లోపల పొడవాటి బల్ల, దాని మీద తెల్లటి నైలాను గుడ్డ పరిచి ఉండేది. ఎత్తుగా ఉన్న కిటికీల్లోంచి ఎండ పడితే హాలంతా పాలు ఒలికినట్టుండేది. ఆ గుడ్డ మాట వినేది కాదు. పట్టుకుంటే బతికున్న చేపలా జారిపోయేది, వదిలేస్తే ఒంటికి అతుక్కునేది. మొదటి నెలంతా ఆడవాళ్ళు దానితో కుస్తీ పట్టారు. ఒక్కో పారాచూట్‌కు ఎన్నో ముక్కలు కలపాలి. వాటిని వీళ్ళు రెక్కలనేవారు. రెక్కకూ రెక్కకూ మధ్య వేసే జంటకుట్టు ఎంత గట్టిగా ఉంటే మనిషి ప్రాణం అంత గట్టి. ఆ కుట్టు వేసేటప్పుడు మాట్లాడకూడదు. మిగతా వేళల్లో మాటలకు కొదవుండేది కాదు. రెండో వరసలో ఒకావిడ ఉండేది, గుసగుసలాడినా గూడ్సు షెడ్డులోకి వినిపించేది. ఆమెను మైకు అనేవారు.

సాయంత్రం పని వదిలితే అందరూ కలిసి మా వీధిలోంచే నడిచి వచ్చేవారు. జుట్టులో, భుజాల మీద తెల్ల దారాలు. ఎవరి ఇంట్లో ఏం వండారో, ఎవరి మొగుడు అలిగాడో వీధి చివరికొచ్చేసరికి అందరికీ తెలిసిపోయేది. కిరాణా కొట్టాయన వాళ్ళను చూసి గడియారం సరిచేసుకునేవాడు. ఇప్పటికీ సాయంత్రం ఆ వేళకు నా చెవులు వీధివైపు వెళ్తాయి.

కుట్టిన పారాచూట్‌ను ముందు ఇసుక నింపిన బొమ్మకు కట్టి విమానంలోంచి వదిలేవారు. దానికి పాత యూనిఫారం తొడిగి, టోపీ పెట్టి, నలుగురు మోసుకొచ్చేవారు. ఆ మర్యాదలు చూసి ఆడవాళ్ళు దానికి అల్లుడుగారని పేరు పెట్టారు. అల్లుడుగారు అలగకుండా దిగారా లేదా అన్నదే ఊళ్ళో ముచ్చటగా ఉండేది. దిగాడు. మళ్ళీ మళ్ళీ వదిలారు, ప్రతిసారీ చక్కగా దిగాడు.

రాజధాని నుంచి పెద్దవాళ్ళంతా చూడ్డానికి వచ్చిన రోజునే దిగలేదు.

ఆ రోజు మైదానంలో కుర్చీలు వేశారు. కుట్టు విభాగం వాళ్ళను ఒక పక్కన నిలబెట్టారు. వదిన చెప్పింది తర్వాత: విమానంలోంచి బొమ్మ బయటికి వచ్చింది, వెనకాల తెల్లగా ఒక పోగు సాగింది, అది విచ్చుకుంటుందని అందరూ ఎదురుచూశారు, అలాగే వచ్చి నేలలోకి దిగబడింది. చప్పుడు ఆలస్యంగా వినిపించిందట. "ఇసుకే మరదలా, నాకు తెలుసు ఇసుకేనని. కానీ టోపీ దొర్లుకుంటూ వస్తే చూడలేకపోయాను" అంది. రెండు రోజులు సరిగ్గా తినలేదు.

విచారణ మొదలైంది. గుడ్డ చూశారు, కుట్లు విప్పి చూశారు, మడతపెట్టిన వాళ్ళను అడిగారు. నెలలు గడిచాక తేలిందేమిటంటే, మడిచినవి దాచే గదికి పైకప్పు కారుతోంది. చెమ్మకు మడతలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. రేకులు మార్చి, కప్పు బాగుచేసి, విచారణ ముగించారు. తప్పు ఎవరిదీ కాదన్నారు. కానీ ఈలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. బ్యారకుల్లో మాట పాకింది, అవి ఆడవాళ్ళు కుట్టిన గొడుగులు, వానకు పనికొస్తాయేమో గానీ దూకడానికి కాదని. ఎవరూ ఎదురుతిరగలేదు. క్రమశిక్షణ ఉన్నవాళ్ళు కదా. కానీ దూకే రోజున ఎవరికి వారు చాటుగా వెళ్ళి పాత విదేశీ పారాచూట్లే అడిగేవారట, అవి అతుకుల మయమైనా సరే. కొత్తవి అరల్లో ఉండిపోయాయి. చట్టసభలో ఎవరో లేచి ఈ తయారీ మానేసి బయటే కొనుక్కోవడం మేలన్నారు. పథకంలో ఆ ముక్క ఎత్తేస్తారని గోడౌనులో అనుకోసాగారు.

వదినకు పని పోతుందన్న భయం కాదు. టైలరు షాపు ఆయన ఎప్పుడొచ్చినా కుర్చీ ఖాళీగా ఉందనే అన్నాడు. ఆమె బాధ వేరే. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయేది. ఒకరోజు పొద్దున నాకు జడ వేస్తూ, ఎవరికీ చెప్పొద్దని, తాను మేజరుగారిని కలిసి వచ్చానంది. ఎందుకని అడిగాను. తాను కుట్టినదానితో తానే దూకుతానని చెప్పిందట.

జడ సగంలో ఉండగా వెనక్కి తిరిగి చూశాను. హాస్యానికేమో అనుకున్నాను. కాదు.

మేజరుగారు ముందు నవ్వారట. ఈమె నవ్వకపోయేసరికి ఆపేశారట. ఆ కాగితం పైకి వెళ్ళింది. పైన ఎవరికి ఏమనిపించిందో, ఇదేదో పత్రికల్లో బాగుంటుందనుకున్నారేమో, వైద్య పరీక్ష నెగ్గితే సరేనని జవాబు వచ్చింది. గుండె, ఊపిరితిత్తులు, ఎముకలు అన్నీ చూశారు. బరువు కాస్త తగ్గించమన్నారు. ఇక ఇంట్లో చెప్పక తప్పలేదు.

మా ఆయన అంత గట్టిగా అరవడం నేను వినడం అదే మొదటిసారి. అక్కకు మతి పోయిందన్నారు, మేజరు మీద పిటిషను పెడతానన్నారు, తన ఉద్యోగానికి రాజీనామా అన్నారు. దానికీ దీనికీ సంబంధమేమిటో ఆయనకే తెలియదు. అత్తగారు మాత్రం అరవలేదు. చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టి, కూతురి ఎదురుగా కూర్చున్నారు.

"కుట్టేది నువ్వు, దూకేది వాళ్ళు. ఎవరి పని వాళ్ళది. నీకెందుకే ఈ తద్దినం?"

"నేను కుట్టింది నేనే నమ్మకపోతే వాళ్ళెందుకు నమ్ముతారమ్మా?"

"వాళ్ళు నమ్మకపోతే మానెయ్యనీ. నువ్వు నాకు కావాలి."

 వదిన అంది, "వాళ్ళకీ అమ్మలున్నారు. రేపు అధికారులు తప్పదంటే వాళ్ళు ఇవే కట్టుకుని వణుక్కుంటూ దూకాలి. నేనొక్కసారి దూకితే వాళ్ళు వణక్కుండా దూకుతారు. అంతే."

అత్తగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి కూతురితో మాటలు మానేశారు. ఏదైనా చెప్పాలంటే నాతో చెప్పేవారు, వదిన పక్కనే ఉన్నా సరే. "నీ వదినను ఇంకో ముద్ద తినమను, గాలికి కొట్టుకుపోతుంది" అని. బరువు తగ్గమన్న డాక్టరు మాట మాత్రం ఆవిడ చెవికెక్కలేదు.

వదినకు తర్ఫీదు ఇవ్వడానికి ఒక సార్జెంటును పెట్టారు. పటాలంలో అందరూ ఆయన్ను దూకుడు మాస్టారనేవారు. పేరు విని నేను మీసాలు మెలేసిన మనిషిని ఊహించుకున్నాను. తీరా చూస్తే అంత నెమ్మదస్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు. సన్నగా, పొడుగ్గా, మాట కూడా తూచినట్టు మాట్లాడేవారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. క్యాంపులోనే ఒక గదిలో ఉండేవారు.

ముందు నేల మీద పడడం నేర్పారు. కాళ్ళు దగ్గరగా పెట్టి, మోకాళ్ళు వంచి, పక్కకు దొర్లాలి. వదిన సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీంచి దూకుతూ అభ్యాసం చేసేది. నేను పరుపు సర్దేదాన్ని. అత్తగారు గుమ్మంలో నిలబడి, మంచం కోడు విరిగితే ఎవరు బాగుచేయిస్తారో కనుక్కోమని నన్ను అడిగేవారు. మూడో రోజుకి, "మోకాళ్ళు ఇంకా వంచమను" అన్నారు.

చెక్క వేదిక మీంచి దూకడం దగ్గర చిక్కొచ్చింది. అది రెండు మేడల ఎత్తుంటుంది, నడుముకు తాడు కడతారు. వదిన మెట్లన్నీ ఎక్కి, అంచుకు వెళ్ళి, కిందకు చూసి, అక్కడే చతికిలబడిపోయింది. కింద సిపాయిలు చూస్తున్నారు. వాళ్ళలో కొందరు ముఖాలు తిప్పుకుని నవ్వుకుంటున్నారు.  దూకుడు మాస్టారు వచ్చి ఆమె పక్కనే, అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నారట. కాసేపు ఊరి గురించీ, గాలి గురించీ మాట్లాడి, అప్పుడన్నారట.

"నాకూ ప్రతిసారీ భయమేనమ్మా. పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి."

"మరి ఎలా దూకుతారండీ?"

"తలుపు దగ్గర నిలబడితే వెనకాల ఇంకో మనిషి ఎదురు చూస్తూ ఉంటాడు కదా. అతనికి దారి ఇవ్వాలి. అంతే అనుకుంటాను."

ఆ రోజు దూకలేదు. మర్నాడు దూకింది. ఆ తర్వాత ఆపలేకపోయారు.

అసలు రోజు వచ్చింది. నేను రానంటే రానన్న అత్తగారు, మేము లేచేసరికి చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. మైదానానికి వెళ్ళేసరికి కుట్టు విభాగం మొత్తం వచ్చేసింది. మైకు గొంతు దూరానికే వినిపించింది. సిపాయిలు బారులు తీరి కూర్చున్నారు. ఏ పారాచూట్ కట్టాలన్నది వదిన ఎంచుకోలేదు. అరల్లో మూలుగుతున్నవాటిలోంచి మీరే ఒకటి తెండని సిపాయిలతోనే అంది. వాళ్ళు వెళ్ళి, అన్నిటికన్నా అడుగున ఉన్నదాన్ని లాక్కొచ్చారు.

విమానం మైదానం చుట్టూ తిరిగింది. అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టుకు నా చెయ్యి వారం రోజులు కమిలి ఉంది. మొదట ఒక చుక్క రాలింది, అది దూకుడు మాస్టారు. వెనకాలే ఇంకో చుక్క. మా ఆయన ఆకాశం చూడ్డం లేదు, నేల చూస్తున్నారు. "విచ్చుకుంది" అని నేనంటే తలెత్తారు. రెండు తెల్లటి గుండ్రాలు, ఒకదానికి కాస్త పైగా ఇంకొకటి, కదులుతున్నాయో లేదో తెలియనంత నెమ్మదిగా.

"మనది ఏదే?" అన్నారు అత్తగారు. పైదని చెప్పాను. "అవునే, కుట్టు చక్కగా ఉంది" అన్నారు, అంత దూరాన కుట్టేమిటి, మనిషే ఆనకపోయినా.

గాలి కాస్త తిరిగింది. మాస్టారు మైదానంలోనే దిగారు. వదిన మా అందరి తలల మీదుగా, గట్టు దాటి, అవతల క్యాబేజీ తోటలోకి వెళ్ళిపోయింది. అందరం పరిగెత్తాం. మేము వెళ్ళేసరికి తోట యజమానురాలు కర్ర పట్టుకుని నిలబడి ఉంది. తన పంట మీద పడ్డ సిపాయిని నాలుగు తిట్టడానికి వచ్చిందట. గుడ్డలోంచి ఒక ఆడమనిషి, అదీ తన ఈడుది, బయటపడేసరికి కర్ర పక్కన పడేసి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. వదిన క్యాబేజీల మధ్య కూర్చుని, నీళ్ళు తాగుతూ, ముందు ఆమెకు క్షమాపణ చెబుతోంది.

అత్తగారు వెళ్ళి కూతురి వీపు మీద ఒక్కటి వేశారు. తర్వాత ఆ వీపునే నిమురుతూ ఉండిపోయారు.

"ఇంకోసారి దూకావంటే నేనే చంపేస్తాను."

ఎన్నో వారాల తర్వాత నేరుగా కూతురితో ఆవిడ అన్న మొదటి మాట అది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో వదిన బెణికిన కాలికి కాపడం పెడుతూ, పైన ఎలా ఉందని అడిగాను. నిశ్శబ్దమంది. అంత నిశ్శబ్దం తానెక్కడా వినలేదంది. దూకిన క్షణం ఏమీ గుర్తులేదట. విచ్చుకున్నాక తల పైకెత్తిందట. "లోపలినుంచి చూశాను మరదలా. ఎండ పడి ప్రతి కుట్టూ కనిపించింది. ఒకచోట కాస్త వంకర ఉంది." నవ్వి, "నాది కాదులే, మైకుది. ఆ రోజు ఏదో మాట్లాడుతూ కుట్టుంటుంది" అంది.

మర్నాడు పత్రికలో ఫొటో పడింది. అందులో వదిన ముఖం కన్నా క్యాబేజీలే బాగా కనిపించాయి. అది అటుంచితే, ఆ వారంలోనే సిపాయిలు కొత్త పారాచూట్లతో దూకారు. మొదటి బారులో వేదిక దగ్గర నవ్విన కుర్రాళ్ళున్నారు. దిగాక వాళ్ళు గోడౌనుకు వచ్చి, తలుపు దగ్గర టోపీలు తీసి, టీ తాగి వెళ్ళారు. బయట కొనాలన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వదిన మాత్రం మళ్ళీ దూకలేదు. ఎవరైనా అడిగితే, ఒకసారి చెప్పిన మాటను రెండోసారి చెబితే చులకనవుతుందనేది.

దూకుడు మాస్టారు కాలునొప్పి ఎలా ఉందో కనుక్కోవడానికి ఒక ఆదివారం వచ్చారు. నొప్పి తగ్గాక కూడా వస్తూనే ఉన్నారు. ముందుగదిలో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, టీ తాగి, మా ఆయనతో వాతావరణం గురించి నాలుగు మాటలాడి వెళ్ళిపోయేవారు. వదిన ఆ గంటసేపూ ఏదో ఒకటి కుడుతూ ఎదురుగా కూర్చునేది. ఇద్దరూ మాట్లాడుకున్న మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలా ఎండాకాలం పోయింది, వానాకాలం పోయింది, చలికాలమూ పోయింది. నేనూ మా ఆయనా పందేలు కూడా వేసుకున్నాం. ఆఖరికి అత్తగారే ఒకరోజు టీ కప్పు ఆయన చేతికిస్తూ అడిగేశారు.

"విమానంలోంచి దూకుతావట గానీ నాయనా, ఆ కుర్చీలోంచి ఎప్పుడు లేస్తావు?"

ఆయన కప్పు పట్టుకునే లేచి నిలబడ్డారు. టీ సగం ఒలికింది. వదిన తలెత్తకుండా దారం కొరికింది. ఆ నెలాఖరున రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టారు. సాక్షులం నేనూ, మేజరుగారూ, మైకూ. మైకు ఆ రోజు ఏడ్చిన ఏడుపుకి పక్క గదిలోని గుమాస్తాలు లేచి వచ్చారు.

వాళ్ళు గూడ్సు షెడ్డు వీధిలోనే రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. అవి మంచి రోజులు. మా పిల్లలకు బడి వదిలితే ఆ ఇల్లే. మాస్టారు వాళ్ళకు లెక్కలు చెప్పేవారు, వదిన మిగిలిన ముక్కలతో గాలిపటాలు చేసిచ్చేది. మేజరుగారు బదిలీ అయి వెళ్ళిపోయేటప్పుడు రైలు స్టేషనుకు కుట్టు విభాగం అంతా వచ్చి ఆయన్ను గాభరాపెట్టింది.

పథకం సాగుతూనే ఉంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా దాని పేరు మారింది, గడువు పెరిగింది. రెండో దశలో దీర్ఘచతురస్రం ఆకారంలో, ఎటు కావాలంటే అటు తిప్పుకోగల పారాచూట్లు వచ్చాయి. గుడ్డను కత్తిరించడానికి కంప్యూటరుతో నడిచే మిషను తెచ్చారు. డిప్లొమాలు చదివిన అమ్మాయిలు చేరారు. వదిన వాళ్ళకు జంటకుట్టు నేర్పింది, వాళ్ళు ఆమెకు కంప్యూటరు నేర్పారు. ఆ మిషనంటే ఆమెకు ముచ్చటే, మన చేతులు నొప్పెట్టకుండా ఇంత పని చేస్తుంటే తిట్టడమెందుకనేది. మూడో దశకు వచ్చేసరికి లోకమే మారిపోయింది. డబ్బంతా క్షిపణులకూ, మనిషి లేకుండా ఎగిరే యంత్రాలకూ పోయింది. దూకే పటాలాన్ని సగం చేశారు, ఆ సగాన్ని ఇంకా కుదించారు. అందుకు కావలసిన కొన్ని పారాచూట్లూ ఒక ప్రైవేటు మిల్లు కుట్టిచ్చేలా ఒప్పందమైంది. వదిన రిటైరైన రెండేళ్ళకు కుట్టు విభాగం మూసేశారు. గొడవలేమీ జరగలేదు. అప్పటికే చాలామంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళను వేరే డిపోలకు సర్దారు.

అత్తగారు అంతకుముందే పోయారు. మాస్టారు మొన్నమొన్నటిదాకా ఉన్నారు. ఒక మధ్యాహ్నం పడక్కుర్చీలో కునుకు తీస్తూ వెళ్ళిపోయారు. వదినను మా ఇంటికి తెచ్చేసుకున్నాం. పూర్వం తన మంచం ఎక్కడుండేదో అక్కడే వేయించుకుంది.

కిందటేడు పథకానికి ముప్పయ్యేళ్ళు నిండాయని కంటోన్మెంటులో సభ పెట్టారు. వదినకు ఆహ్వానం వచ్చింది, తోడుగా నేను వెళ్ళాను. రెండో వరసలో కూర్చోబెట్టారు. పెద్దాయనెవరో క్షిపణుల గురించీ, రాడార్ల గురించీ చాలాసేపు మాట్లాడారు. మధ్యలో ఎక్కడో "పారాచూట్లు మొదలుకొని" అన్నారు. అంతే. నాకు ఒళ్ళు మండింది. వదిన నా మోకాలు తట్టి, "అర వాక్యం వచ్చింది కదే, బూట్లవాళ్ళకు అదీ లేదు" అని చెవిలో అంది.

సభ అయ్యాక పాత గోడౌను చూస్తానంది. ఒక లెఫ్టినెంటు, పాతికేళ్ళు కూడా ఉండవు, చురుకైన పిల్ల, మమ్మల్ని తీసుకెళ్ళింది. ఎత్తు కిటికీలు మూసేశారు. లోపల చల్లటి ఏసీ, చిన్న చిన్న గదులు, ప్రతి గదిలో తెరలు. ఎక్కడో సరిహద్దులో ఎగురుతున్న యంత్రాలను ఇక్కడ కూర్చుని నడుపుతారట. వదిన తన మిషను ఉండే చోటు కోసం వెతికింది. గోడలు జరిగిపోయి అంతుపట్టలేదు. తెరల మీద కొండలు మెల్లగా కదులుతుంటే నిలబడి చూసింది. భయమేమైనా వేస్తుందా అమ్మా అని ఆ పిల్లను అడిగింది.

"మాకేం భయమండీ, మేం ఇక్కడే కదా ఉంటాం" అంది లెఫ్టినెంటు. "మీకు వేసిందా ఆంటీ, ఆ రోజు?" అని అడిగింది. ఎవరు చెప్పారో ఆ కథ ఆమెకు తెలుసు.

"ఇప్పటికీ తలుచుకుంటే వేస్తుంది" అంది వదిన. ఆ పిల్ల వదిన చెయ్యి పట్టుకుని గేటుదాకా వచ్చి, బస్సు ఎక్కించి గానీ వెళ్ళలేదు.

బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది.  గోడౌనులో ఎవరెక్కడ కూర్చునేవారో చెప్పడం మొదలుపెట్టింది. తలుపు దగ్గర మొదటి మిషను మీద కవలల్లో పెద్దది కూర్చునేదట, చిన్నది ఆఖరి వరసలో. పక్కపక్కన కూర్చోబెడితే తగాదా పడతారని మేజరుగారే విడదీశారట. వాళ్ళ మధ్యలో కళ్ళజోడావిడ. సూదిలో దారం ఎక్కించడానికి మాత్రం కళ్ళజోడు తీసేసేదట, ఎందుకో ఎవరికీ తెలీదు. కిటికీ కింద కూర్చున్నావిడ ప్రతి చలికాలమూ చోటు మార్చమని గొడవపెట్టి, మార్చిన మర్నాడే వెనక్కి వచ్చేసేదట. ఇంకొకావిడకు పురిటి నొప్పులు గుడ్డల బల్ల దగ్గరే వచ్చాయట. ఆ పుట్టినవాడు ఇప్పుడు పక్క ఊళ్ళో డాక్టరు. వదిన వేలితో ముందు సీటు వెనక వరసలు గీస్తూ, ఒక్కొక్కరినీ వాళ్ళ కుర్చీలో కూర్చోబెడుతోంది. మైకు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఎంత నవ్వామంటే కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

మా స్టాపు ఎప్పుడో దాటిపోయింది. ఆఖరి స్టేజీలో బస్సు ఆగి, దిగండమ్మా అనేదాకా మాకు తెలియలేదు. అక్కడ రేకుల షెడ్డు కింద ఒక బెంచీ ఉంది. వెనక్కి వెళ్ళే బస్సు రావడానికి ఇంకా సమయం పడుతుందన్నారు. కూర్చున్నాం.

"మూడో వరస అయింది కదూ" అంది వదిన.

"కాలేదు. ఇంకా ఇద్దరున్నారు" అన్నాను.